ఇరవై గేమ్‌లకే సీజన్ చేజారిందా?

ప్రశ్న: సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటాను. అయిదేళ్ళుగా ఇక్కడి బేస్‌బాల్ జట్టు మారినర్స్ అభిమానిని. ఐపీఎల్ కూడా వదలను. మార్చి ఆఖర్లో బోలెడు ఆశలతో కూర్చున్నాను. ఇరవై గేమ్‌లు అయ్యేసరికి ఎనిమిదే గెలిచాం. నేను నమ్ముకున్న బ్యాటర్ సగటు .187, అంటే వెయ్యిసార్లు బ్యాటింగ్‌కి వస్తే 187 హిట్ల పాళ్ళు. గెలవాల్సిన మూడు గేమ్‌లు బుల్‌పెన్ (ఆట మధ్యలో దిగి బంతి వేసే పిచర్లు) చేజార్చింది. హ్యూస్టన్‌లో ఉండే మా బావమరిది ఆస్ట్రోస్ మనిషి, వాట్సాప్‌లో రోజూ వెక్కిరింపులే. ఓడిన రాత్రి అన్నం సహించడం లేదు, పిల్లల మీద విసుక్కుంటున్నానని ఇంట్లో గొడవ. సీజన్ ఇంకా ఉన్నట్టా, పోయినట్టా? అంత ఘోరంగా ఆడేవాణ్ణి ఎందుకు తీసెయ్యరు? ఆగస్టుకి కొన్న నాలుగు టికెట్లు అమ్మెయ్యమంటారా?

సమాధానం: సీజన్ ఉన్నట్టా పోయినట్టా అన్న మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. జట్టు నిజంగానే ఇంత బలహీనమా అన్నది ఒకటి. ఇప్పటికే జరిగిన నష్టం ఎంత అన్నది రెండోది. మొదటిదానికి ఇరవై గేమ్‌లు దాదాపు ఏ జవాబూ చెప్పవు. రెండోదానికి మాత్రం అణా పైసలతో సహా లెక్క చెబుతాయి. ఈ రెండూ కలిపేసుకుంటేనే ఒక రాత్రి అక్కర్లేని ఏడుపు, ఇంకో రాత్రి అక్కర్లేని ధీమా.

మొదటిది చూద్దాం. మీకు ఐపీఎల్ అలవాటు కదా, సగం చిక్కు అక్కడే ఉంది. లీగ్ దశలో జట్టుకి 14 మ్యాచ్‌లు. వరసగా మూడు పోతే పాయింట్ల పట్టిక ముందేసుకుని నెట్ రన్‌రేట్ లెక్కలు మొదలుపెట్టక తప్పదు. బేస్‌బాల్‌లో 162. ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్ బరువు ఇక్కడ పదకొండున్నర గేమ్‌లతో సమానం. అంటే మీ ఇరవై గేమ్‌లూ కలిపి ఐపీఎల్ లెక్కలో రెండు మ్యాచ్‌లు కూడా కాలేదు. 2001లో మారినర్స్ 116 గెలిచారు, 1906 నాటి కబ్స్‌తో సమానంగా అది ఇప్పటికీ రికార్డే. ఆ జట్టు కూడా 46 ఓడింది. 2024లో 121 ఓడిన వైట్ సాక్స్ కూడా 41 గెలిచారు. అంటే ఎంత గొప్ప జట్టుకైనా నలభై పైచిలుకు ఓటములు రాసిపెట్టి ఉంటాయి, ఎంత నాసి జట్టుకైనా నలభై గెలుపులు దొరుకుతాయి. అసలు పోటీ మధ్యలో మిగిలిన సుమారు ఎనభై గేమ్‌ల గురించి.

సీజన్లో 90 గెలవగల సత్తా ఉన్న జట్టు అంటే వందకి యాభై అయిదు గెలిచే జట్టు. ఏ ఇరవై గేమ్‌ల ముక్క తీసుకున్నా అలాంటి జట్టు ఎనిమిదో, అంతకంటే తక్కువో గెలిచే అవకాశం వందకి 13. అంటే ఎనిమిది మంచి జట్లుంటే అందులో ఒకదానికి ఈ గతి పట్టడం మామూలే. జులైలో పడితే ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్‌లో పడితే వెనక వేరే అంకెలేవీ ఉండవు కాబట్టి పట్టికలో అడుగున నిలబడి అందరి కళ్ళలో పడుతుంది. మీకు కనబడుతున్నది అదే.

మన జట్టు చరిత్రే చూడండి. 2022 జూన్ మూడో వారంలో మారినర్స్ 29 గెలిచి 39 ఓడి ఉన్నారు. ఆ తర్వాత జులై మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామంలోపు 25 ఆడి 22 గెలిచారు, అందులో చివరి 14 వరసగా. సీజన్ 90-72తో ముగిసింది. 21 ఏళ్ళ ప్లేఆఫ్స్ కరవు తీర్చిన కాల్ రాలీ హోమ్ రన్ ఆ సెప్టెంబర్ 30దే. అదే ఏడాది ఏప్రిల్ నెల మొత్తంలో హూలియో రోడ్రీగెజ్ ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. చివరికి 28 కొట్టి రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు. మే 23 దాకా 19-31తో కుంటిన 2019 వాషింగ్టన్ నేషనల్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు. తిరగేసి కూడా చూడాలి. 1987లో మిల్వాకీ బ్రూయర్స్ వరసగా 13 గెలిచి సీజన్ మొదలుపెట్టారు. మేలో వరసగా 12 ఓడారు, 91 గెలిచినా ప్లేఆఫ్స్ చూడలేదు.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ మీకు ఓదార్పు చెప్పలేను. ఏప్రిల్‌లో ఓడిన గేమ్ సెప్టెంబర్‌లో ఓడిన గేమ్‌తో సమానం, పోయింది పోయినట్టే. 2023లో 88 గెలిచిన మారినర్స్ ఒక్క గేమ్ తేడాతో బయట ఉండిపోయారు. 2024లో 85 గెలిచి మళ్ళీ ఒక్క గేమ్ తేడాతోనే. ఆ రెండేళ్ళలోనూ ఏప్రిల్‌లో బుల్‌పెన్ కాలదన్నిన ఏదో ఒక మంగళవారం గేమ్ గెలిచి ఉంటే కనీసం సమానంగానైనా నిలిచేవారు.

కాబట్టి అప్పు ఎంతో లెక్కకట్టండి. ఎనిమిది గెలిచాం, మిగిలినవి 142. జట్టు సత్తా 90 గెలుపులదే అనుకుంటే ఈ 142లో 79 వస్తాయి. మొత్తం 87. అంటే మొదట అనుకున్న దాంట్లో మూడు గేమ్‌లు పోయాయి, అంతే. ఆ మూడు ఖరీదైనవా కావా అన్నది ఆ ఏటి పోటీని బట్టి ఉంటుంది. లీగ్‌కి మూడు వైల్డ్ కార్డులు (డివిజన్ గెలవని జట్లకి ప్లేఆఫ్స్‌లో ఇచ్చే చోట్లు) వచ్చిన 2022 నుంచి, మారినర్స్ ఆడే అమెరికన్ లీగ్‌లో చివరి బెర్త్ తెచ్చుకున్న జట్టు గెలుపులు చూడండి: 2022లో 86, 2023లో 89, 2024లో 86, 2025లో 87. ఆ 2025లో ఆస్ట్రోస్ కూడా 87 గెలిచారు, అయినా బయటే ఉన్నారు. ఇప్పుడు 163వ గేమ్ ఆడించడం లేదు, సమానమైతే రెండు జట్ల మధ్య జరిగిన గేమ్‌లలో ఎవరిది పైచేయి అన్నదే చూస్తారు. ఈ ముక్క మీ బావమరిదికి ఎప్పుడైనా పనికొస్తుంది, దాచుకోండి.

అంటే 87 దగ్గర ఉన్నవాడి బతుకు గడప మీదే. లోపలికీ వెళ్ళొచ్చు, బయటా ఉండొచ్చు. సీజన్ పోలేదు. సుఖంగా గడిచే సీజన్ మాత్రం కాదు.

సత్తా 90 అని ఎలా నమ్మడం అంటారా? గెలుపోటముల కంటే త్వరగా నిజం చెప్పేది రన్ డిఫరెన్షియల్: చేసిన రన్‌లు, ఇచ్చిన రన్‌లు. బేస్‌బాల్ గణాంకాల పండితుడు బిల్ జేమ్స్ చెప్పిన సూత్రం ఇంట్లోనే వేసుకోవచ్చు. చేసిన రన్‌ల వర్గాన్ని, చేసినవాటి వర్గం, ఇచ్చినవాటి వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. ఉదాహరణకి ఇరవై గేమ్‌లలో 78 చేసి 80 ఇచ్చారనుకోండి. 6084ని 12484తో భాగిస్తే .487. ఇరవై గేమ్‌లకి దాదాపు పది గెలుపులు. ఉన్నవి ఎనిమిది. అంటే దగ్గర దగ్గర రెండు గేమ్‌లు ఒక్క రన్ తేడా ఓటముల్లో జారిపోయాయన్నమాట, జట్టు అంత చెడ్డదేం కాదు. అదే 65 చేసి 100 ఇచ్చి ఉంటే సూత్రం ఆరే ఇస్తుంది. అప్పుడు ఎనిమిది రావడమే అదృష్టం, భయపడాల్సింది అప్పుడు. మీ జట్టు నిజం అంకెలు పెట్టి చూడండి, రెండు నిమిషాల పని.

ఈ సూత్రం పొగడ్తలకీ పగ్గం వేస్తుంది. 2021 మారినర్స్ 90 గెలిచారు కానీ చేసినవాటికంటే 51 రన్‌లు ఎక్కువ ఇచ్చారు. ఒక్క రన్ తేడా గేమ్‌లలో 33 గెలిచి 19 ఓడటం వల్ల నెట్టుకొచ్చారు. అది ఏటా జరిగేది కాదు.

మీ .187 బ్యాటర్ సంగతి కాస్త నింపాదిగా చూడాలి. ఏప్రిల్‌లో సగటు చూడటం అంత దండగమారి పని లేదు. 75 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి 14 హిట్లు కొడితే .187. ఇరవై కొట్టి ఉంటే .267, మీరు జెర్సీ కొనుక్కునేవారు. మూడు వారాల్లో ఆరు హిట్ల తేడా. అందులో రెండు షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ డైవ్ చేసి ఆపినవి, ఒకటి గోడ దగ్గర చిక్కినది అయివుండొచ్చు. అందుకే సగటు మానేసి స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులు పడి, బంతి మైదానంలోకి కొట్టలేకే అవుటైన సార్లు) చూడండి.

.187 ఉన్న ఇద్దర్ని పక్కపక్కన పెడదాం. ఇద్దరూ 75లో 14 హిట్లు కొట్టారు, అందులో రెండేసి హోమ్ రన్‌లు. మొదటివాడికి 18 స్ట్రైకౌట్లు. 75లోంచి 18, రెండు హోమ్ రన్‌లు తీసేస్తే మైదానంలో పడ్డ బంతులు 55, వాటిలో హిట్లు 12. అంటే .218. లీగ్ మొత్తం మీద ఈ అంకె .290 నుంచి .300 మధ్య ఉంటుంది. ఇతనికి బంతి ఫీల్డర్ల చేతుల్లోకే పోతోంది. మామూలు పాళ్ళలో పడినా ఆ 55లో పదహారు హిట్లయ్యేవి, రెండు హోమ్ రన్‌లు కలిపి సగటు .240కి చేరేది. ఇతని గురించి ఓపిక పట్టండి. రెండోవాడికి 32 స్ట్రైకౌట్లు. మైదానంలో పడ్డవి 41, హిట్లు 12, అంటే .293. దురదృష్టం ఏమీ లేదు. బంతి తగలనప్పుడు అదృష్టం వచ్చి మాత్రం ఏం చేస్తుంది? వాడి జబ్బు నిజమైనది. స్ట్రైకౌట్ల శాతం అరవై ప్లేట్ అప్పియరెన్సులకే (బ్యాటింగ్‌కి వచ్చిన మొత్తం సార్లు) కాస్త నమ్మదగ్గదవుతుంది, వాక్‌ల (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా దొరికే బేస్) శాతానికి నూట ఇరవై దాకా కావాలి. మైదానంలో పడ్డ బంతుల సగటు కుదురుకోవడానికి మాత్రం సీజన్ మొత్తం కూడా చాలదు. కాబట్టి ఇరవై గేమ్‌ల తర్వాత ఒక బ్యాటర్ గురించి ధైర్యంగా ఓ మాట అనగలిగింది స్ట్రైకౌట్ల మీద మాత్రమే.

ఇంకాస్త లోతు కావాలంటే బేస్‌బాల్ సావంట్ సైట్‌లో ఉచితంగా దొరికే హార్డ్ హిట్ శాతం చూడండి. గంటకి 95 మైళ్ళు, ఆపైన వేగంతో బ్యాట్ మీంచి వెళ్ళిన బంతులవి. అది నిరుటి స్థాయిలోనే ఉంటే చేతుల్లో బలం తగ్గలేదన్నమాట.

పైగా మీరు చూస్తున్నది మారినర్స్ సొంత మైదానం టీ-మొబైల్ పార్క్‌లో. ఈ మధ్య ఏళ్ళ స్టాట్‌కాస్ట్ (లీగ్ వాడే బంతి ట్రాకింగ్ వ్యవస్థ) లెక్కల్లో బ్యాటర్లకి ఇంతకంటే గడ్డు మైదానం లేదు. ఏప్రిల్ రాత్రి యాభై ఫారన్‌హీట్ డిగ్రీల చలిలో గాలి చిక్కగా ఉంటుంది, బంతి ముందుకి పోదు. ఉష్ణోగ్రత పది ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గితే నాలుగొందల అడుగులు పోవాల్సిన బంతి సుమారు మూడు అడుగులు తగ్గుతుంది. ఎనభై డిగ్రీల జులై సాయంత్రంతో పోలిస్తే తొమ్మిది, పది అడుగులు. గోడ ముందు క్యాచ్ అయిన బంతికీ గోడ దాటిన బంతికీ తేడా చాలాసార్లు అంతే. అందుకని సొంత మైదానంలో అంకెలు, బయటి అంకెలు విడివిడిగా చూడందే మన బ్యాటర్లని తిట్టకండి.

బుల్‌పెన్ మీద కోపం వేరే రకం. ఇరవై గేమ్‌లలో ఒక రిలీవర్ (బుల్‌పెన్ పిచర్) వేసేది ఎనిమిది, తొమ్మిది ఇన్నింగ్సే. ఎనిమిది ఇన్నింగ్స్‌లో అయిదు రన్‌లు ఇస్తే ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే రన్‌ల సగటు) 5.63, చూడగానే ఒళ్ళు మండుతుంది. ఆ అయిదులో నాలుగు ఒకే రాత్రి, ఒక్క అవుట్ మాత్రమే తీసి ఇచ్చినవైతే మిగతా అన్ని రాత్రులూ కలిపి అతని ఈఆర్‌ఏ 1.17. అసలు అడగాల్సింది ఫాస్ట్‌బాల్ వేగం. దాన్ని నిరుటి సెప్టెంబర్‌తో కాదు, నిరుటి ఏప్రిల్‌తో పోల్చాలి, చలికి అర మైలు, మైలు తగ్గడం మామూలే. నిరుటి ఏప్రిల్ కంటే రెండు మైళ్ళు తగ్గి, వాక్‌లు కూడా పెరిగితే భుజమో మోచెయ్యో మొరాయిస్తోందని అనుమానించాలి. పిచర్లని గాయాల జాబితాలో పెడితే కనీసం 15 రోజులు, బ్యాటర్లనైతే 10. ‘ఫ్లూ’ అనో ‘విశ్రాంతి’ అనో రెండు మూడు రోజులు కనబడకపోతే తర్వాతి వార్త ఆ జాబితాయే కావచ్చు.

మరి ఘోరంగా ఆడేవాణ్ణి ఎందుకు తీసెయ్యరు? కోచ్‌లకి కనబడక కాదు. మైనర్ లీగ్స్‌కి (కింది స్థాయి లీగ్‌లకి) పంపాలంటే ఆటగాడికి ఆప్షన్, అంటే అలా పంపే హక్కు, మిగిలి ఉండాలి. 40 మంది జాబితాలో చేరిన ఆటగాడికి మామూలుగా మూడు సీజన్ల ఆప్షన్లే ఉంటాయి. అయిదేళ్ళ సర్వీసు నిండినవాణ్ణి అతని ఒప్పుకోలు లేకుండా పంపడానికి వీల్లేదు. ఆప్షన్లు అయిపోయినవాణ్ణి డీఎఫ్‌ఏ చేయాలి. అంటే 40 మందిలోంచి తీసేసి, ఏడు రోజుల్లో ట్రేడ్ చేయడమో వేవర్స్ మీద పెట్టి వేరే జట్లకి అవకాశం ఇవ్వడమో వదిలేయడమో చేయాలి. ఆ ఏడు రోజుల్లో వేరే జట్టు ఎత్తుకుపోతే పోయినట్టే, ఎవరూ తీసుకోకపోతే జీతం మనమే కట్టాలి. 75 బ్యాటింగ్‌లు చూసి ఆ పని చేసే జనరల్ మేనేజర్ ఎక్కువ కాలం ఉద్యోగంలో ఉండడు. కొత్తవాణ్ణి కొనుక్కుందామన్నా ఏప్రిల్‌లో అమ్మేవాడు దొరకడు, ముప్పై జట్లకీ ఇంకా ఆశ ఉంటుంది కదా. సంత జూన్‌లో మొదలై, జులై ఆఖర్లోనో ఆగస్టు మొదట్లోనో వచ్చే ట్రేడ్ గడువు దగ్గర కిటకిటలాడుతుంది. ఈలోపు మేనేజర్ చేయగలిగింది బ్యాటింగ్ వరసలో ఏడో స్థానానికి దించడం, అతనిది ఎడమచేతి వాటమైతే ఎడమచేతి పిచర్ వచ్చిన రోజు కూర్చోబెట్టడం. ఆ చిన్న మార్పులు జరుగుతున్నాయా లేదా గమనించండి. అవి కూడా జరగకపోతే మీ కోపం న్యాయమే.

ఇంట్లో గొడవ గురించి. రోజువారీ గెలుపోటములు చూడటం ఆపి సిరీస్ (ఒకే జట్టుతో వరసగా ఆడే, మామూలుగా మూడు గేమ్‌లు) లెక్క పెట్టుకోండి. మూడింట్లో రెండు గెలుస్తూ పోతే సీజన్‌కి 108, ఎవరూ అంతకంటే అడగరు. సొంత మైదానంలో మూడింట రెండు, బయట మూడింట ఒకటి వస్తే 81, సరిగ్గా సగం. ఇంకో తేలిక లెక్క: ఆరు నెలలు, నెలకి 27 గేమ్‌లు, అందులో 15 గెలిస్తే 90. అంటే మంచి నెలలో కూడా పన్నెండు రాత్రులు ఓటమితోనే ముగుస్తాయి. ఆ పన్నెండు రాత్రులూ అన్నం మానేస్తే సెప్టెంబర్ నాటికి జట్టు నిలబడుతుందేమో గానీ మీరు నిలబడరు.

సొంత మైదానంలో గేమ్‌లు మామూలు రోజుల్లో చాలావరకు సాయంత్రం 6:40కి మొదలవుతాయి, పిచ్ క్లాక్ (పిచర్ బంతి వేయడానికి పెట్టిన సమయ గడువు) వచ్చాక రెండు గంటల నలభై నిమిషాల్లో ముగుస్తున్నాయి. భోజనం ఆరింటికే కానిచ్చేయండి. ఏడో ఇన్నింగ్స్‌లో కంచం ముందు కూర్చునే పని పెట్టుకోకండి, బుల్‌పెన్ వచ్చే వేళ అదే. ఫోన్‌లో స్కోరు అలర్టులు తీసేయండి, మర్నాడు పొద్దున బాక్స్ స్కోర్ చదివితే చాలు. జట్టు తూర్పు తీరానికి వెళ్ళినప్పుడు మన టైములో నాలుగు గంటల ప్రాంతానికే మొదలవుతుంది కాబట్టి పిల్లల హోమ్‌వర్క్ వేళకి కథ తేలిపోతుంది.

మీ బావమరిదికి ఒక్కటే గుర్తుచేయండి: 2024లో ఆస్ట్రోస్ 7-19తో మొదలుపెట్టారు. ఇరవై గేమ్‌లకే ఖతం అన్నది నిజమైతే ఆ ఏడాది వాళ్ళు గెలిచిన డివిజన్ టైటిల్ (అయిదు జట్ల గుంపులో మొదటి స్థానం) లేనట్టే కదా. కాకపోతే జాగ్రత్త, ఆయన దగ్గరా ఆయుధం ఉంది. అదే ఏడాది జూన్ 18న మారినర్స్ పది గేమ్‌ల ఆధిక్యంలో ఉండి, నెల రోజుల్లో అదంతా కరిగించుకున్నారు. అందులో లాభపడింది ఆస్ట్రోసే. ఈ వాదన మొదలుపెట్టేముందు ఆలోచించుకోండి.

టికెట్లు ఇప్పుడు అమ్మకండి. జట్టు కింద ఉన్నప్పుడు ఆగస్టు టికెట్‌కి ధర పలకదు, తొందరపడితే మీకే నష్టం. మే చివరి వారానికి సుమారు 54 గేమ్‌లు అవుతాయి, అప్పుడు చూడండి. 27 గెలిచి ఉంటే 88కి చేరడానికి మిగిలిన 108లో 61 కావాలి, మంచి జట్టుకి అది మామూలు పనే. 24 ఉంటే 64 కావాలి, అది 96 గెలిచే జట్టు వేగం. కష్టమే, అయినా ఉంచుకోండి. 22కి పడిపోయి, రన్ డిఫరెన్షియల్ కూడా మైనస్ ముప్పై దాటి ఉంటే 66 కావాలి. అప్పుడు రెండు అమ్మేసి రెండు ఉంచుకోండి, పిల్లల్లో ఎవర్ని తీసుకెళ్ళాలో వాళ్ళనే తేల్చుకోమనండి. వెళ్ళే రోజు కారు తీసుకెళ్ళకుండా లింక్ రైల్లో స్టేడియం స్టేషన్‌లో దిగండి. బయటి తిండిని లోపలికి రానిస్తారు, పులిహోర డబ్బా కట్టుకెళ్ళొచ్చు. అక్కడ కారం, నిమ్మరసం వేసి అమ్మే వేయించిన మిడతలు మీ ఇష్టం. మేలోనే వెళ్దామనుకుంటే మాత్రం స్వెట్టర్లు మరవకండి. ఆ పైకప్పు గొడుగులా పైన పరుచుకుంటుందే గానీ పక్కలు మూయదు, తొమ్మిదో ఇన్నింగ్స్ వేళకి చలి ఎముకల్లోకి దిగుతుంది.